కోటు లోపలి పని



ఇవాళ ఒక కోటు గురించి మాట్లాడతాను. ట్వీడు కోటు. దుకాణంలో హ్యాంగరుకు తగిలించి అమ్మేది కాదు. ఒక మనిషి స్వయంగా వెళ్లి, కొలతలిచ్చి, రెండు మూడు సార్లు ట్రయలు చూసుకుని, నెలల తరబడి ఆగి కుట్టించుకున్న కోటు. మన ఎండలకు దాని అవసరం లేదు. అయినా దాని గురించి చెప్పాలనిపించడానికి కారణం ఉంది. గుడ్డ నేసినవాళ్లూ ఆ గుడ్డను కుట్టినవాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూడరు. ఇద్దరూ కలిసి ఒకే వస్తువు మీద ఎనలేని శ్రద్ధ పెడతారు. ఆ శ్రద్ధలో ఎక్కువ భాగం పైకి కనబడని చోట ఉంటుంది. కోటు తొడుక్కున్న మనిషికి కూడా అది కనిపించదు. ఆ కనబడని పనిని గుర్తుపట్టడం ఎలాగో చెప్పడమే నా ఉద్దేశం.

ట్వీడు అంటే ముతక ఉన్ని గుడ్డ. నునుపు లేదు, మెరుపు లేదు. తడిమితే గరుకుగా, లోపల గాలి నింపుకున్నట్టు పొంగుగా ఉంటుంది. ఐర్లండులో డోనెగాల్ ట్వీడుకు పేరు. అందులో రంగురంగుల ఉన్ని నలుసులు చల్లినట్టు కనిపిస్తాయి. స్కాట్లండులో చాలా రకాలున్నాయి గాని, అందరికీ తెలిసింది హారిస్ ట్వీడు. ఎక్కువగా దాని సంగతే చెబుతాను.

గొంగడి కప్పుకుని గొర్రెల మందతో వానలో నిలబడ్డ కురుమలను చూసినవాళ్లకు ఈ గుడ్డ గుణం వివరించనక్కర్లేదు. దక్కనీ గొర్రె ఉన్నితో, చింతగింజల గంజి పట్టించి నేసిన గొంగడి మీద చినుకు పడితే వెంటనే లోపలికి దిగదు, జారిపోతుంది. ఒకవేళ తడిసినా ఒంటికి వెచ్చదనం పోదు. ఉన్నికి ఆ శక్తి పుట్టుకతో ఉంది. చాలా తేమ పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. స్కాట్లండు కొండల్లో గొర్రెల కాపరికీ, జింకల వేటకు తోడు వెళ్లే మనిషికీ కావలసింది కూడా అదే. వాళ్లు ఆ గుడ్డను కప్పుకుని ఊరుకోలేదు, కుట్టించుకున్నారు. కప్పుకునే గొంగడికీ కుట్టించుకునే కోటుకూ మధ్య ఎంత పని ఉందో చూద్దాం.

స్కాట్లండుకు వాయవ్యంగా, అట్లాంటిక్ సముద్రంలో ఔటర్ హెబ్రిడీస్ అనే ద్వీపాల వరస ఉంది. లూయిస్, హారిస్, యూయిస్ట్, బారా అందులోవే. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ. రాళ్లు, బురద నేల, గొర్రెలు, గేలిక్ మాట్లాడే మనుషులు. ఒక్కో కుటుంబానికి కాస్తంత కమతం ఉంటుంది. దాని మీదే బతుకు గడవదు కాబట్టి ఇంట్లో మగ్గం ఉంటుంది. ఇప్పటికీ అక్కడ చాలామంది సాలెవాళ్లు ఇంటి పక్కన షెడ్డులో మగ్గం పెట్టుకుని నేస్తారు. ఆ మగ్గానికి కరెంటు ఉండదు, కాళ్లతో తొక్కాలి. లూయిస్, హారిస్‌లలో ఆదివారం మగ్గం చప్పుడు వినిపించకపోవడం తరతరాల ఆచారం. ఆ రోజు దేవుడిది.

ఆ పనిలో నన్ను అన్నిటికంటే కట్టిపడేసింది రంగు వేసే పద్ధతి. మన దగ్గర నూలు వడికాక చిలపలు కట్టి రంగులో ముంచుతారు. పోచంపల్లిలోనైతే పోగులకు కట్లు కట్టి మరీ ముంచుతారు. హారిస్ ట్వీడుకు అలా కాదు. వడకకముందే, ఉన్ని ఇంకా ఉన్నిగా ఉన్నప్పుడే రంగు వేస్తారు. ఎరుపు ఒక కుప్ప, ఆకుపచ్చ ఒక కుప్ప, పసుపు, నీలం, తెలుపు వేరువేరు కుప్పలు. వాటిని తూకం ప్రకారం కలిపి, ఏకి, ఆ తరవాత వడుకుతారు. అంటే పోగు పుట్టేటప్పటికే అందులో నాలుగైదు రంగులుంటాయి.

ఎప్పుడైనా ట్వీడు ముక్క చేతికొస్తే ఒక పని చేయండి. అంచు నుంచి ఒక పోగు లాగి, కిటికీ వెలుతురులో పెట్టి, భూతద్దంతో చూడండి. నేను చూసిన ముక్క రెండడుగుల దూరంలో మట్టిరంగుగా కనిపిస్తుంది. దగ్గరికి తెస్తే అందులో మట్టిరంగు ఎక్కడా లేదు. తుప్పురంగు ఉంది, నాచురంగు ఉంది, వంకాయరంగు కొద్దిగా ఉంది. అక్కడక్కడా ఆవపువ్వులాంటి పసుపు. పోగు విప్పుతూ పోతే ఎక్కడో ఒక నీలి వెంట్రుక. ఇవన్నీ కలిసి మన కంటిలో మట్టిరంగుగా స్థిరపడుతున్నాయి. ఒకే రంగులో ముంచిన గుడ్డ ఎండలోనైనా నీడలోనైనా ఒకేలా ఉంటుంది. ఇది మబ్బు పట్టినప్పుడు ఒక తీరుగా, దీపం కింద మరో తీరుగా ఉంటుంది. పక్కన నిలబడ్డ మనిషి వేసుకున్న చొక్కా రంగును బట్టి కూడా దీని రంగు కొద్దిగా ఒరుగుతుంది.

పూర్వం ఈ రంగులు ఆ నేల నుంచే వచ్చేవి. రాళ్ల మీద పెరిగే క్రాటల్ అనే లైకెన్‌ను గోకి తెచ్చి, కుండలో ఒక పొర ఉన్ని, ఒక పొర లైకెన్ పేర్చి గంటలకొద్దీ ఉడికించేవారు. ఎర్ర గోధుమరంగు వచ్చేది, దానితో పాటు ఒక వాసన కూడా వచ్చి గుడ్డలోనే ఉండిపోయేది. ఇప్పుడు మిల్లుల్లో రసాయన రంగులే వాడుతున్నారు. నాకు అందులో లోటేమీ కనిపించదు. ఉన్నిని రంగురంగులుగా కలిపే పద్ధతి నిలిచింది, గుడ్డ ప్రాణం అక్కడే ఉంది.

రంగు విషయంలో మరో మాట. 19వ శతాబ్దం మధ్యకాలంలో స్కాట్లండు కొండల్లో పెద్దపెద్ద ఎస్టేట్లు కొన్న సంపన్నులు తమ వేటగాళ్లకూ కాపలావాళ్లకూ ఆ కొండ రంగులోనే ట్వీడు నేయించేవారు, జింక కంట పడకుండా. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ బాల్మోరల్ ఎస్టేటు కోసం ఇలాంటి గుడ్డనే రూపొందించాడు. ముదురు నీలం, తెలుపు, కాస్త ఎరుపు కలిపితే దూరానికి అక్కడి గ్రానైట్ రాయి బూడిదరంగు వచ్చింది. కొండను చూసి గుడ్డ నేయడమంటే అది.

ద్వీపాల గుడ్డ బయటి ప్రపంచానికి చేరడం వెనక ఒక స్త్రీ ఉంది. 1845లో హారిస్ యజమాని డన్మోర్ ప్రభువు చనిపోతే, భార్య కేథరిన్ ఆ ఎస్టేటు చూసుకోవలసి వచ్చింది. ఆ వెంటనే బంగాళాదుంప పంటకు తెగులు సోకి కరువొచ్చింది. ఆమె అక్కడి సాలెవాళ్ల చేత గుడ్డ నేయించి, తన పనివాళ్లకు దుస్తులు కుట్టించి, ఆ గుడ్డను లండనులో తనకు తెలిసిన పెద్దింటివాళ్లకు పరిచయం చేసింది. గిరాకీ పెరిగింది. గిరాకీతో పాటు నకిలీ కూడా వచ్చింది. ఎక్కడో మిల్లు నూలుతో నేసినదాన్ని కూడా హారిస్ ట్వీడు అనే పేరుతో అమ్మడం మొదలైంది.

ఆ ద్వీపాలవాళ్లు ఈ విషయంలో పట్టు వదల్లేదు. 1909లో సంఘం పెట్టుకున్నారు. గోళం మీద శిలువ ఉన్న ముద్రను 1910లో ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించారు. మరుసటి ఏడాది నుంచి గుడ్డ మీద ఆ ముద్ర పడుతోంది. నూలు మిల్లులో వడకవచ్చునని 1934లో ఒప్పుకున్నారు, కాని ఆ మిల్లు ద్వీపాల్లోనే ఉండాలన్నారు. ఆ షరతు మీద కోర్టులో పెద్ద వ్యాజ్యం నడిచి, 1964లో ద్వీపాలకు అనుకూలంగా తీర్పొచ్చింది. చివరికి 1993లో బ్రిటిష్ పార్లమెంటు ఏకంగా ఒక చట్టమే చేసింది. ఆ చట్టం ప్రకారం ఔటర్ హెబ్రిడీస్‌లో రంగు వేసి, అక్కడే వడికిన కొత్త ఉన్నితో, అక్కడివాళ్లు తమ ఇళ్లలో చేతిమగ్గం మీద నేసి, అక్కడే తుది మెరుగు దిద్దిన గుడ్డే హారిస్ ట్వీడు. అది తప్ప మరేదీ కాదు.

మనకూ 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం ఉంది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా ఇక్కత్ నమూనా అచ్చేసిన గుడ్డ పోచంపల్లి పేరుతో బజార్లో బాహాటంగా అమ్ముడుపోతూనే ఉంది. హారిస్ గుడ్డను ఇన్స్పెక్టరు పరీక్షించి ముద్ర వేయందే అది మిల్లు దాటి బయటికి పోదు. చట్టం రాయడంతో పని అయిపోదనీ, రోజూ గుడ్డ పట్టుకుని చూసే మనిషి కావాలనీ నాకు అక్కడే అర్థమైంది.

నేత అయ్యాక గుడ్డ అప్పుడే కోటుకు పనికిరాదు. నూనె పట్టి, బిరుసుగా ఉంటుంది. దాన్ని నీళ్లలో కొట్టి దగ్గరపడేట్టు చేయాలి. ఇప్పుడు యంత్రాలు చేసే ఈ పనిని పూర్వం ఆడవాళ్లు చేసేవారు. పొడుగాటి బల్లకు ఇటూ అటూ కూర్చుని, పులియబెట్టిన మూత్రంలో నానిన గుడ్డను బల్లకేసి కొడుతూ, ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి సూర్యుడు తిరిగే దిక్కులోనే అందిస్తూ పాడేవారు. ఒకామె చరణం అందుకుంటే మిగతావాళ్లు పల్లవి పట్టేవారు. గుడ్డ ఎంత దగ్గరపడిందో పాటల లెక్కలో చెప్పుకునేవారు. ఆ గేలిక్ పాటల్ని పండితులు రికార్డు చేసి భద్రపరిచారు. బల్ల దగ్గర పని ఆగిపోయినా వేదికల మీద ఇప్పటికీ వాటిని పాడుతున్నారు.

కోటు దగ్గరికి వెళ్లేముందు ఒక చేదు ఘట్టం చెప్పాలి. 2006 ప్రాంతంలో ఇంగ్లండుకు చెందిన ఒక బట్టల వ్యాపారి ద్వీపాల్లోకెల్లా పెద్ద మిల్లును కొన్నాడు. వేల నమూనాలు నేసే ఆ మిల్లులో నాలుగే నాలుగు నమూనాలు ఉంచాడు. గుడ్డ బయటివాళ్లకు అమ్మడం ఆపి, ఆ నాలుగు నమూనాల్లోనే వేలాది రెడీమేడ్ కోట్లు కుట్టించాడు. అవి అనుకున్నట్టు అమ్ముడుపోలేదు, సాలెవాళ్లకు పని లేకుండా పోయింది. అదృష్టం కొద్దీ షాబాస్ట్ ఊళ్లో మూతపడ్డ మరో మిల్లును 2007లో వేరేవాళ్లు తెరిచి, మళ్లీ దర్జీలకు కావలసిన నమూనాలు నేయించారు. పరిశ్రమ నిలబడింది. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క కోటు కుట్టే దర్జీ ఎక్కడో లండనులో ఉన్నందువల్లే, ఎక్కడో లూయిస్‌లో ఒక సాలె ఇరవై గజాలో ముప్పై గజాలో ఒక అరుదైన రంగులో నేయగలుగుతున్నాడు. ఒకరు లేకపోతే రెండోవాళ్లకు పని లేదు.

ఇక దర్జీ దగ్గరికి వద్దాం. లండనులో సావిల్ రో అనే వీధి ఈ పనికి పెట్టింది పేరు. హెన్రీ పూల్ వంటి సంస్థలు అక్కడ 19వ శతాబ్దంలోనే వెలిశాయి. హంట్స్‌మన్ గుర్రపు స్వారీ దుస్తులతో పేరు తెచ్చుకుని ట్వీడు కోట్లకు ప్రసిద్ధి పొందింది. అక్కడ కోటు ఒకే మనిషి చేతిలో తయారవదు. కొలతలు తీసుకుని గుడ్డ కత్తిరించేది కటింగ్ మాస్టరు. కోటు కుట్టేది వేరొకరు. కాజాలూ అస్తరు పనీ చేసేది ఇంకొకరు.

కటింగ్ మాస్టరు టేపుతో చేసే పని చూసే పనిలో సగం కూడా కాదు. ఛాతీ నలభై, నడుము ముప్పై ఆరు అని టేపు చెబుతుంది. కుడి భుజం ఎడమదాని కంటే కాస్త దిగిందని, మెడ ముందుకు వాలిందని, మనిషి నిలబడితే ఒక తుంటి మీదే బరువు వేస్తాడని టేపు చెప్పదు. మాస్టరు ఆ సంగతులు పొడి అక్షరాల్లో పక్కనున్నవాళ్ల చేత రాయిస్తాడు. ఆ తరవాత దళసరి కాగితం మీద ఆ ఒక్క మనిషి కోసం నమూనా గీసి, కత్తిరించి, పేరు రాసి తాడుకు తగిలిస్తాడు. మనలో ఎవరి భుజాలూ సమానంగా ఉండవు. రెడీమేడ్ కోటు ఆ తేడాను పట్టించుకోదు. అందుకే దిగిన భుజం కింద ఒక ముడత పడుతుంది, మనం దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తాం.

ట్వీడు దర్జీకి పరీక్ష పెడుతుంది. గళ్ల గుడ్డయితే, జేబు మూత మీది గడి దాని చుట్టూ ఉన్న గడితో కలవాలి. వీపు మధ్య కుట్టు దగ్గర రెండు పక్కల గళ్లూ అద్దంలో చూసినట్టు ఉండాలి. చేయి గడి ఛాతీ గడితో ఒకే వరసలో పోవాలి. చేపముల్లు నేతయితే ఆ ముల్లు వెన్నెముక వెంట నిటారుగా దిగాలి. కోటు బాగుందో లేదో తెలుసుకోవడానికి నేను మొదట చూసేది జేబు మూతనే. అది గుడ్డలో కలిసిపోయి, ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తే ఆ దర్జీ నిజాయితీపరుడు.

పరీక్ష పెట్టే ఈ గుడ్డే దర్జీకి సాయం కూడా చేస్తుంది. ఉన్ని ఆవిరికి లొంగుతుంది. తడిపి, బరువైన ఇస్త్రీపెట్టెతో నొక్కుతూ ఒకచోట ముడుచుకునేట్టు, ఒకచోట సాగేట్టు చేయవచ్చు. చల్లారితే ఆ ఆకారం నిలబడిపోతుంది. చంక చుట్టు కొలత కంటే చేతి గుడ్డ చుట్టు కొలత ఒకటిన్నర, రెండు అంగుళాలు ఎక్కువగా కత్తిరిస్తారు. ఆ ఎక్కువ గుడ్డను కుచ్చిళ్లు కనబడకుండా ఆవిరితో కుదించి చంకలో ఇముడుస్తారు. భుజం గుండ్రంగా, నిండుగా వచ్చేది దానివల్లే. నూలు గుడ్డతో ఇది ఇంత చక్కగా కుదరదు. వీపు ఎముకల దగ్గర ఉబ్బు, నడుము దగ్గర లోతు కూడా సగం ఇస్త్రీతోనే వస్తాయి. చంక వదులుగా ఉంటే చేయి బాగా ఆడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి చంక పైకి, ఒంటికి దగ్గరగా ఉన్నప్పుడే చేయి ఎత్తితే కోటంతా పైకి లేవకుండా ఉంటుంది.

మొదటి ట్రయలుకు వెళ్తే కోటు చూడడానికి వింతగా ఉంటుంది. తెల్ల దారంతో పొడుగు పొడుగు కచ్చా కుట్లు, కాలరు లేదు, చేతులు తగిలించినట్టు వేలాడుతుంటాయి. మాస్టరు ఒంటి మీదే ఒక చేయి విప్పేస్తాడు, సుద్దతో గీతలు గీస్తాడు, గుండుసూదులు గుచ్చుతాడు. మీరు ఊపిరి బిగించి నిటారుగా నిలబడితే వద్దంటాడు. మామూలుగా ఎలా నిలబడతారో అలా నిలబడమంటాడు. ఆ తరవాత కుట్టిందంతా విప్పి, గుడ్డను మళ్లీ పరిచి, కొత్త గీతల మీద కత్తిరించి, మొదటి నుంచి కుడతారు. ఒకసారి కుట్టినదాన్ని ఇలా విప్పుకోగల ఓర్పు ఏ ఫ్యాక్టరీకీ ఉండదు.

నేను ఈ లోపలి పనిని కళ్లారా చూసింది లండనులో కాదు, హైదరాబాదులో. మా పెదనాన్నగారు డాక్టరు. 1960 దశకంలో స్కాట్లండులో పని చేస్తున్నప్పుడు గ్లాస్గోలో ఒక దర్జీ దగ్గర హారిస్ ట్వీడు కోటు కుట్టించుకున్నారు. ఆయన పోయాక అది మా ఇంటికి చేరింది. లోపలి అస్తరు చిరిగితే, నాంపల్లి వైపు షేర్వానీలు కుట్టే ఒక పెద్ద వయసు మాస్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కోటును బల్ల మీద బోర్లా వేసి, అస్తరు కుట్లు బ్లేడుతో ఒక్కొక్కటీ తెంచి, తలుపు తీసినట్టు తెరిచారు.

"రండి సాబ్, ఇట్ల వెలుతురు దిక్కు నిలబడి చూడండి" అన్నారు.

ట్వీడుకూ అస్తరుకూ మధ్య బూడిదరంగు కాన్వాసు ఉంది. అందులో గుర్రపు వెంట్రుకలు కలిపి నేసి ఉన్నాయి. చేత్తో నలిపి వదిలితే అది మళ్లీ లేచి నిలబడుతోంది. ఆ కాన్వాసును గుడ్డకు జిగురుతో అతికించలేదు. మడత కాలరు ఉన్నంత మేరా చిన్న చిన్న ఏటవాలు టాకాలు, వరస తరవాత వరస, వందలకొద్దీ ఉన్నాయి. మాస్టరు ఒక టాకా దగ్గర వేలు పెట్టి, కోటు తిప్పి, అదే చోట పై గుడ్డ చూపించారు. అక్కడ ఏమీ లేదు. సూది ట్వీడులో ఒకటి రెండు వెంట్రుకల్ని మాత్రం పట్టుకుని వెనక్కి వచ్చేసింది. "ఇది కుట్టేటప్పుడు కాలరును ఇట్ల వేలు మీద వంచి పట్టుకుంటరు. వంగిన తీరులోనే టాకా పడతది. అందుకే అరవై ఏండ్లయినా వంపు పోలేదు" అని తన చూపుడువేలి మీద వంచి చూపించారు. జిగురు పెట్టిన కోట్లకు నాలుగు ఉతుకుల్లో ఛాతీ మీద బుడగలు లేచేది ఎందుకో అప్పుడు నాకు బోధపడింది.

తరవాత ఆయన కుడి భుజం లోపల వేలు దూర్చి, ఒక పలచటి ఉన్ని పొర బయటికి తీశారు. ఎడమ భుజంలో ఒకటే ఉంది, కుడి భుజంలో రెండున్నాయి. "పెద్దాయనకు ఈ భుజం దిగి ఉండెనా?" అని అడిగారు. ఉండేది. ఆయన జీవితమంతా బరువైన బ్యాగు ఆ చేత్తోనే మోశారు. ఎన్నడూ చూడని మనిషి గురించి నాంపల్లిలో ఒక దర్జీ అడుగుతున్నాడంటే, గ్లాస్గోలో ఇంకో దర్జీ ఆ సంగతి కుట్టి ఉంచాడు కాబట్టే.

ఆయన నాకు చూపించిన చివరి విషయం పక్క కుట్లు. మామూలు చొక్కాల్లో కుట్టు దాటాక అర అంగుళం గుడ్డ కూడా మిగలదు. ఈ కోటులో వీపు కుట్టు లోపల, పక్కల, చేతుల చివర దాదాపు ఒకటిన్నర అంగుళాల గుడ్డ మడిచి పెట్టి ఉంది. మనిషి లావెక్కుతాడు, సన్నబడతాడు, వంగుతాడు, కోటు కొడుక్కి వెళుతుంది. అన్నిటికీ లెక్క కట్టి దర్జీ ఆ గుడ్డ దాచి పెట్టాడు. మాస్టరు వీపు కుట్టు విప్పి, దాచిన గుడ్డలోంచి ముప్పావంగుళం వదిలి మళ్లీ కుట్టారు. ఆ కోటు ఇప్పుడు నాకు సరిపోతుంది. విప్పిన చోట గుడ్డ వెలుతురు తగలక ముదురుగా ఉంటుందేమో అనుకున్నాను. రంగు తేడా దాదాపు లేదు. మొదట చెప్పిన ఆ కలగలుపు రంగుల పోగు ఇక్కడ కూడా పనికొచ్చింది. ఐదారు రంగులు కలిసి ఉన్నచోట ఒకటి కాస్త వెలిసినా కన్ను పట్టుకోలేదు.

ఇంత పనికి ఖరీదు కూడా అంతే ఉంటుంది. సావిల్ రో సంఘం పెట్టుకున్న ప్రమాణం ప్రకారం ఒక సూటుకు కనీసం 50 గంటల చేతిపని పడుతుంది. ధర వేల పౌండ్లలో ఉంటుంది. సామాన్యుడు కొనగలిగేది కాదు, ఆ మాట దాచడం అన్యాయం. కాని ఖరీదు చూసి దాన్ని దర్పం కిందికి తోసేయడం కూడా నాకు ఇష్టం లేదు. ఆ పౌండ్లలో అధిక భాగం చేతుల కూలి. మనం నెలకో చొక్కా కొని ఏడాదికి పారేసే లెక్కతో పోలిస్తే, మూడు తరాలు తొడిగే కోటు ఖర్చు వేరేగా కనిపిస్తుంది. బ్రిటన్ రాజు చార్లెస్ దశాబ్దాల నాటి కోట్లను మాసికలు వేయించుకుని నలుగురిలో తొడుక్కోవడం అక్కడ అందరూ చూసిందే. మాసిక పడిన ట్వీడు కోటును అక్కడ ఎవరూ చిన్నచూపు చూడరు. మోచేతులు అరిగితే తోలు ముక్క వేయించుకుంటారు, అంచులు అరిగితే తోలు పట్టీ కుట్టించుకుంటారు.

ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో పిల్లలు బ్రిటన్‌లోనో ఐర్లండులోనో ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. అక్కడ దానధర్మాల కోసం నడిపే పాతబట్టల దుకాణాల్లో మంచి ట్వీడు కోట్లు కొద్ది ధరకే దొరుకుతుంటాయి. కొనేముందు మూడు చూడమని చెప్పండి. జేబు మూత గడి కలిసిందా, లేదా. ఛాతీ దగ్గర పై గుడ్డనూ లోపలి గుడ్డనూ రెండు వేళ్లతో విడదీసి పట్టుకుంటే మధ్యలో మూడో పొర విడిగా కదులుతోందా, లేదా. కదిలితే అది జిగురు కోటు కాదు. కాజా వెనకవైపు చూడమనండి. చేతి కాజా అయితే కుట్లు కొంచెం హెచ్చుతగ్గులుగా, దారం దళసరిగా ఉంటుంది. మెషిను కాజా రెండు పక్కలా ఒకేలా, పలచగా ఉంటుంది.

ఇంట్లో పెద్దలది ఒక పాత కోటు ఉంటే దాన్ని మాటిమాటికీ డ్రైక్లీనింగుకు వేయకండి. ఉన్నిలోని సహజమైన జిడ్డు పోతుంది. తొడిగిన రోజు రాత్రి బ్రష్షుతో పై నుంచి కిందికి దుమ్ము దులిపి, భుజాలు వెడల్పుగా ఉన్న చెక్క హ్యాంగరుకు తగిలించి, మర్నాడు దానికి విశ్రాంతి ఇవ్వండి. ముడతలు వాటంతటవే సర్దుకుంటాయి. వానాకాలంలో బీరువాలో మూసేయకుండా అప్పుడప్పుడు గాలికి పెట్టండి. ఉన్నికి పురుగు శత్రువు. అది వెలుతురుకూ కదలికకూ బెదురుతుంది.

సరిచేయించాలనుకుంటే షేర్వానీగాని, సూటుగాని చేత్తో కుట్టడం వచ్చిన మాస్టరును వెతకండి. హైదరాబాదులో ఇంకా ఉన్నారు, తక్కిన ఊళ్లలోనూ వెతికితే ఒకరో ఇద్దరో దొరుకుతారు. కోటు ఆయన చేతికిచ్చేముందు ఒక మాట స్పష్టంగా చెప్పండి. బిగుతు చేసినా, వదులు చేసినా, కుట్ల లోపల మడిచి ఉన్న అదనపు గుడ్డను కత్తిరించవద్దని. అది ఆ తరవాత తొడుక్కోబోయేవాళ్ల కోసం ఉంచిన గుడ్డ.